ఆఫర్ మీ ఒక్కరికే

పోర్టు అధికారిని చంపడానికి ఎవరూ రాలేదు. తుపాకీ పేలలేదు, విషం కలపలేదు. ఉదయం తొమ్మిదిన్నరకు ఎండ ఫెళఫెళ కాస్తుండగా, ఆయన తన కారులో ఆఫీసుకు బయలుదేరాడు. వంతెన దిగుతూ బ్రేకు తొక్కాడు. పెడల్ నేలకు ఆనింది గానీ కారు ఆగలేదు. ఎదురుగా కంటైనర్ లారీ.

అంబులెన్స్ వచ్చేలోపే జనం మూగారు. ముఖానికి మాస్కు పెట్టుకున్న మనిషి ఒకరు గుంపును తోసుకొచ్చి, ముందు చక్రం దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. దగ్గరి బంధువు కాబోలని అందరూ పక్కకు తప్పుకున్నారు. రెండు నిమిషాల్లో ఆ మనిషి లేచి వెళ్లిపోయేటప్పుడు చేతిసంచి వచ్చినప్పటికంటే బరువుగా ఉంది. చావు దగ్గర సంచుల బరువు చూసే తీరిక ఎవరికుంటుంది?

ఆ సాయంత్రమే వాషర్‌కు పిలుపు వచ్చింది.

డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు ఫైల్లో తప్ప ఎక్కడా లేదు. రెండు గట్టి ఇనుముల మధ్య నలుగుతూ, నోరెత్తకుండా పని చేసుకుపోయే రకం కాబట్టి వాషర్ అన్నారు. సన్నగా, పొట్టిగా, ఒకసారి చూస్తే రెండోసారి గుర్తుపట్టలేని ముఖం. గూఢచారికి అంతకన్నా ఆస్తి ఏముంది? ఇంట్లో మాత్రం అతను ఇన్సూరెన్స్ సర్వేయర్. భార్యకు నిజం తెలుసు. భార్య తండ్రికి తెలియదు.

టైర్ల దుకాణం పైన, రంగు వెలిసిన సర్వే ఆఫీసు బోర్డు వెనక ఉంది డిపార్ట్‌మెంట్ గది. చీఫ్‌ను అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఎప్పుడూ గొంతు మాత్ర ఒకటి బుగ్గన పెట్టుకుని మాట్లాడతాడు.

"మూడో చావు," అన్నాడు పెద్దాయన. "మొదట ఆడిటర్. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోలేదు. తర్వాత విలేకరి. స్టీరింగ్ వదిలేసింది. ఇప్పుడు ఈయన. బ్రేకు."

"ముగ్గురికీ లింక్?"

"ముగ్గురూ ఒకే గుంపు వెంట పడ్డారు. పేరు గిడ్డంగి. విదేశీ ముఠా. సర్వర్లు మూడు దేశాల్లో. మనుషులు ఎక్కడున్నారో దేవుడికే తెలియాలి." పెద్దాయన మూడు ఫోన్లు బల్లమీద వరసగా పెట్టాడు. "చచ్చిపోయినవాళ్లవి. చూడు."

మూడింటి మీదా ఒకే ప్రకటన. బంగారు అంచు పెట్టె, అందులో మెరిసే కారు పార్టు. కింద ఒక వాక్యం: ఆఫర్ మీ ఒక్కరికే.

"అందరికీ పంపేదేగా సర్ ఇలాంటివి?"

"అక్కడే ఉంది మతలబు. ఈ ప్రకటన ప్రపంచంలో ఇంకెవరికీ వెళ్లలేదు. ఒక్కో ప్రకటన ఒక్క ఫోనుకే. మనిషి కారు మోడల్ ఏది, ఏ పార్టు అరిగింది, ఏ సర్వీసింగ్ ఎప్పుడు, అన్నీ వాళ్లకు తెలుసు. పార్టు పాడయ్యే వారం ముందు ఆఫర్ వస్తుంది. మనిషి తనే కొంటాడు. తన మెకానిక్ చేతే బిగించుకుంటాడు. ఆ విలేకరి అయితే చావడానికి రెండు రోజుల ముందు పార్టు బాగుందని రివ్యూ రాశాడు కూడా."

ఇన్నేళ్ల సర్వీసులో వాషర్ ఎన్నో రకాల హంతకుల్ని చూశాడు. హతుడి చేతే ఆర్డర్ పెట్టించే హంతకుణ్ణి చూడటం ఇదే మొదలు.

"శిథిలాల్లో ఆ పార్టు దొరకాలి కదా?"

"దొరకలేదు. మూడు కార్లలోనూ ఆ ఒక్క ముక్కే మాయం. ఎవరో వచ్చి ఊడదీసుకుపోతున్నారు." పెద్దాయన మాత్ర ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చాడు. "ఇక అసలు సంగతి. ఆ పార్టులు కొత్తగా తయారు చేసినవి కావు. మూతబడ్డ ఒక ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్‌లో పోయిన రిజెక్టులు. తుక్కు కింద అమ్మితే, కాంట్రాక్టరు వాటిని చితగ్గొట్టి కరిగించాలి. వాడు ఆ పని చెయ్యకుండా కంటైనర్లకెత్తి సముద్రం దాటించాడు. అక్కడ మరకలు అరగదీసి, పాలిష్ పెట్టి, కొత్త పెట్టెల్లో సర్ది ఆన్‌లైన్‌లో పెట్టారు. పైన పటారం, లోన లొటారం. ఊళ్లో ఎన్ని కార్లలో తిరుగుతున్నాయో లెక్కలేదు. అది వాళ్ల వ్యాపారం. హత్యలు ఆ వ్యాపారానికి కాపలా."

"విచారణ ఎల్లుండి కదా సర్?"

"పదకొండింటికి. అవి రిజెక్టులేనని రుజువైతే ఆ సరుకు మీద అన్ని దేశాల రేవులూ ఒకేసారి మూసేస్తారు. రుజువు చేయగలిగిన మనిషి ఒక్కడే మిగిలాడు. ఆ ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టర్. తన రిజెక్టును ఎలా గుర్తుపట్టాలో ఆయనకు మాత్రమే తెలుసట. అదేమిటో కోర్టులో తప్ప చెప్పనన్నాడు. నాకు కూడా." పెద్దాయన తలెత్తాడు. "సెక్యూరిటీ కారు పంపిస్తానంటే, నేను చెక్ చెయ్యని బండి ఎక్కనన్నాడు. ఆయన్ను తన కారులోనే ప్రాణాలతో కోర్టుకు తేవాలి. ఎవరో నీకు తెలుసు."

"తెలుసు సర్," అన్నాడు వాషర్. "మా మావగారు."

*

ఫ్యాక్టరీలో ఆ పెద్దమనిషిని వెనకాల రిజెక్ట్‌గారు అనేవారు. ముందూ అలాగే పిలిచినా ఆయన కోప్పడేవాడు కాదేమో, అది బిరుదనుకునేవాడు. వాషర్ తుపాకీ గొట్టాల ముందు నిలబడ్డాడు, సముద్రంలో దూకాడు. మావగారి ముందు మాత్రం కుర్చీ అంచున కూర్చుంటాడు. భయపడతాడు, అంతకంటే ఎక్కువ ప్రేమిస్తాడు. ఈ రెండో సంగతి ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ పైకి అనుకోలేదు.

మర్నాడు ఉదయం అతను క్రోమ్‌ను కలిశాడు.

క్రోమ్ అంటే ఆన్‌లైన్‌లో తెలియనివాళ్లు లేరు. కారు పార్టుల పెట్టెలు కెమెరా ముందు విప్పి చూపించే ఛానల్ ఆమెది. పొడవాటి వేళ్లు, వెండి రంగు గోళ్లు, బేరింగ్‌ను వజ్రపుటుంగరంలా పట్టుకుని చూపించే తీరు. ఆ నవ్వు చూసి క్లచ్ ప్లేటు అవసరం లేనివాళ్లు కూడా కొనేస్తారు. గిడ్డంగి సరుకుకు ప్రచారం చేసేది ఆమే. ఆరు నెలలుగా గిడ్డంగి కబుర్లు డిపార్ట్‌మెంట్‌కు మోస్తున్నదీ ఆమే.

కలిసేది కార్లు కడిగే సొరంగంలో. కారు లోపలికి వెళ్లగానే నురగ అద్దాలను కప్పేసి చీకటైంది. రెండు వైపులా బ్రష్షులు దబదబా బాదుతున్నాయి. ఆ హోరులో ఏ మైక్రోఫోనూ పనికిరాదు.

వెనక సీట్లో వంగి కూర్చున్న క్రోమ్ అడిగింది. "టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు?"

"తెగాక మారుస్తా."

కోడ్ సరిపోయింది. ఆమె ముందుకు జరిగింది. ఖరీదైన అత్తరు వాసన సబ్బు వాసనను మింగేసింది.

"ఎడమవైపు టై రాడ్ ఎండ్," అంది. "పదిహేను రోజుల కిందట మీ మావగారికి పంపారు. బిగించుకున్నాడు."

స్టీరింగును ముందు చక్రంతో కలిపే పిడికెడంత ఇనప కీలు అది. ఊడిందంటే స్టీరింగ్ మీ చేతుల్లోనే ఉంటుంది, చక్రం మాత్రం తన దారి తను చూసుకుంటుంది.

"ఎన్నాళ్లు ఆగుతుంది?"

"మామూలు రోడ్డయితే నెల. మీ మావగారి ఇల్లు కొండమీద కదా? బరువుతో మలుపులు దిగితే ఒక్కసారికే."

"ఇంత పెద్ద సంగతి మాకెందుకు చెబుతున్నారు? తెలిస్తే మిమ్మల్ని బతకనివ్వరు."

అద్దం మీద నురగ జారిపోతోంది. క్రోమ్ గొంతు సన్నగా వణికింది. "పోర్టు అధికారి పార్టు ఉన్న పెట్టె నేనే కెమెరా ముందు విప్పాను వాషర్ గారూ. నవ్వుతూ విప్పాను. ఆయన పోయినప్పట్నుంచీ అన్నం సహించడం లేదు."

సొరంగం చివర వెలుతురు కనబడేసరికి ఆమె వెనక తలుపు తీసుకుని నీటి తెరల్లోంచి మాయమైంది.

గూఢచారులకు ఒక జాతి జబ్బు ఉంది. వీధిలో అరిచి చెప్పిన నిజాన్ని నమ్మరు, చెవిలో ఊదిన మాటను మాత్రం కళ్లకద్దుకుంటారు. చీకట్లో, అత్తరు వాసన మధ్య, వణికే గొంతుతో చెప్పిన మాట అబద్ధమయ్యే అవకాశం వాషర్‌కు తట్టనే లేదు. పాపం, అతని తప్పు కూడా కాదు. ఆ ఉద్యోగం నేర్పేదే అది.

అతను తిన్నగా డిపార్ట్‌మెంట్ స్టోర్స్‌కు వెళ్లాడు. మావగారి కారు ఇరవై ఏళ్ల నాటి మోడల్. పార్టు నంబరు రాసిచ్చాడు. స్టోర్స్ గుమాస్తా నిబంధనల మనిషి. కళ్లజోడు సవరించుకుని, "అర్జెంటా సర్?" అని అడిగి, ఫారం నింపి, సంతకం పెట్టించుకున్నాడు. రెండు గంటల్లో డిపార్ట్‌మెంట్ సీలుతో పెట్టె వచ్చింది. వాషర్ తన జేబులోని పెన్ను తీశాడు. అది మామూలు పెన్ను కాదు, హోలోగ్రామ్ అసలుదో నకిలీదో చెప్పే స్కానర్. పెట్టె మీద ఆనించాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

ఇక మిగిలింది మావగారికి తెలియకుండా మార్చడం. ఎందుకు మారుస్తున్నావంటే సమాధానం చెప్పాలి, సమాధానం చెబితే ఇన్సూరెన్స్ సర్వేయర్ వేషం ఊడుతుంది.

మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా పెద్దాయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వార్తలు వింటూ కునుకు తీస్తాడు. ఇక్కడ పెద్దాయన అంటే మావగారు. చీఫ్ కునుకు తీయగా ఎవరూ చూడలేదు. సరిగ్గా రెండుంబావుకు, ఇంటికే వచ్చి కార్లు కడుగుతామని బోర్డు రాసిన వ్యాను కొండెక్కింది. అందులోంచి రబ్బరు బూట్లతో దిగినవాడు డిపార్ట్‌మెంట్ మెకానిక్.

వాషర్ భార్య కిటికీ దగ్గర కాపలా నిలబడింది. గొంతు తగ్గించి అంది. "నాన్నకి చూపించకుండా ఆయన కారుకి ఏదీ బిగించకండి. నా మాట వినండి."

"చూపిస్తే వంద ప్రశ్నలు వేస్తారు. టైము లేదు."

"వందకీ జవాబు చెబితే ఏం పోతుంది? ఆయన చూడని పీసు ఆ కారులో ఒక్కటి కూడా లేదు తెలుసా?"

"ఆయన ప్రాణం కంటే ఎక్కువా?"

ఆమె కిటికీ పరదా పట్టుకుని తండ్రి నిద్రపోతున్న గదివైపు చూస్తూ నిలబడింది. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. విప్పిన పాత కీలును వాషర్ పేపర్లో చుట్టి, సాక్ష్యంగా పనికొస్తుందని డాష్‌బోర్డు అరలోకి తోశాడు.

"రేపు నాన్నని జాగ్రత్తగా తీసుకెళ్లండి," అంది భార్య. "అంతకంటే జాగ్రత్తగా తీసుకురండి."

*

మర్నాడు ఉదయం పదిన్నరకు కొద్దిగా ముందు మామా అల్లుళ్లు బయలుదేరారు. కొండమీద నుంచి ఊరికి పదకొండు మలుపులు. కుడివైపు కొండ గోడ, ఎడమవైపు మోకాలెత్తు రాతి పిట్టగోడ, దాని అవతల లోయ. ఆకాశంలో మబ్బు లేదు. రోడ్డు మీద వాళ్ల కారు, ఒక మలుపు వెనకగా తెల్లకారు ఒకటి, అంతే.

"నువ్వు నడుపుతున్నావేం?" అన్నాడు మావగారు.

"కోర్టుకి ప్రశాంతంగా వెళ్లాలి కదా మావయ్యా. మీరు రిలాక్సవండి."

"రిలాక్సవడానికి నేనేమన్నా పెళ్లికెళ్తున్నానా?" అని ఆయన కళ్లద్దాలు తుడుచుకునే గుడ్డ కోసం డాష్‌బోర్డు అర తెరిచాడు. గుడ్డ దొరకలేదు. పేపరు పొట్లం దొరికింది.

పొట్లం విప్పిన చప్పుడు వినబడింది. నాలుగో మలుపు దాటింది.

"అల్లుడూ, ఇది నా కారుది."

"అవును మావయ్యా."

"ఎవడు ఊడదీశాడు?"

"నేనే. నకిలీదని తెలిసి..."

"ఎవడన్నాడు నకిలీదని?" ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. "దీన్ని నలభై నిమిషాలు చూసి పాస్ చేశానయ్యా నేను. ఆన్‌లైన్‌లో ఆఫరని వచ్చిన మాట నిజమే. తెప్పించాను. కొలిచే గేజీ పెడితే తేడా కొట్టింది, ఇంకేం చూడకుండానే తిప్పి పంపాను. మళ్లీ పంపారు. మళ్లీ తిప్పి పంపాను. ఇది ఆ షాపుది కాదు. మా పాత స్టోర్‌కీపర్ బీరువాలో దాచుకున్న కంపెనీ పీసు. బతిమాలి తెచ్చుకున్నా."

ఐదో మలుపు. చక్రం కింద ఎక్కడో సన్నగా, పళ్లు నూరినట్టు ఒక శబ్దం.

"దీని బదులు ఏం బిగించావు?"

"కొత్తది. అసలైనది. మా ఆఫీసు స్టోర్స్ నుంచి."

"ఇన్సూరెన్స్ ఆఫీసులో టై రాడ్ ఎండ్లు కూడా పెడుతున్నారా?" అన్నాడు ముసలాయన, జవాబు కోసం చూడకుండానే. "ఇరవై ఏళ్ల మోడల్ పీసు వాళ్లకెక్కడిది?"

ఆ ప్రశ్న వాషర్ వేసి ఉండాల్సింది, నిన్ననే. అతను ఫోను స్పీకర్లో పెట్టి స్టోర్స్‌కు కొట్టాడు.

"నిన్నటి పార్టు ఎక్కడ కొన్నారు?"

"ఎక్కడేముంది సర్, ఆన్‌లైన్‌లోనే," అన్నాడు గుమాస్తా ఉత్సాహంగా. "రూలు ప్రకారం అందరికంటే తక్కువకిచ్చేవాడి దగ్గరే కొనాలి కదా. ఆ మోడల్‌ది ఒక్క షాపులోనే ఉంది. మన అదృష్టం చూడండి సర్, నేను నంబరు కొట్టగానే ఆఫర్ కూడా వచ్చింది. మీ ఒక్కరికే అని."

వాషర్ ఫోను కట్టేశాడు. అంతా ఒక్కసారిగా అర్థమైంది. ముసలాయన కన్నును దాటించడం గిడ్డంగి వల్ల కాలేదు. రెండుసార్లు ప్రయత్నించి ఓడిపోయారు. ఆ కన్ను కప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఇంట్లో మనిషి. అందుకే అతని చెవిలో ఒక మాట వేసి ఊరుకున్నారు. మిగతాదంతా అతనే చేశాడు. పెన్ను పెట్టెను చూసింది గానీ ఇనుమును చూడలేదు.

"కంచే చేను మేసిందన్నమాట," అన్నాడు మావగారు. అల్లుడి వైపు చూడలేదు. రోడ్డు వైపు చూస్తున్నాడు. "విను. స్టీరింగ్ ఎక్కువ తిప్పకు. తిప్పితే బరువంతా దానిమీదే పడుతుంది. బ్రేకు ఒక్కసారిగా తొక్కకు, లాగేస్తుంది. గేర్లు దించు."

"ముందు మలుపుంది మావయ్యా."

"నాకూ కళ్లున్నాయి."

మలుపు రెండు వందల గజాల్లో ఉంది. రోడ్డు కుడికి తిరుగుతుంది. తిన్నగా పోతే పిట్టగోడ, ఆపైన గాలి. వాషర్ మూడో గేరుకు దించాడు. ఇంజన్ గుర్రుమంది. రెండో గేరు. కారు ముక్కు కిందికి వాలింది. కింద పళ్లు నూరే శబ్దం ఇప్పుడు కటకటగా మారింది.

"హ్యాండ్ బ్రేకు. మెల్లగా. లోపలి పళ్లు ఒక్కోటే పట్టేలా లాగు."

టిక్. టిక్. వంద గజాలు. వాషర్‌కు భార్య కిటికీ దగ్గర నిలబడ్డ తీరు కళ్లముందు ఆడింది. నేనే చంపేస్తున్నానే ఈయన్ను, అనుకున్నాడు. శత్రువు కాదు, నేను.

"మావయ్యా, మీరు తలుపు తీసి దూకెయ్యండి. స్పీడు తగ్గింది."

"దూకితే నడుం విరుగుతుంది. సాక్ష్యం ఎవరు చెబుతారు? మాటలు ఆపి మూడో పన్ను లాగు."

టిక్. యాభై గజాలు. ముప్పై. కారు మనిషి పరిగెత్తే వేగానికి వచ్చింది గానీ వాలు మాత్రం వదలడం లేదు. రోడ్డు వంపు మొదలైంది. ఇక తిప్పక తప్పదు.

"కొద్దిగా," అన్నాడు ముసలాయన. "అరచెయ్యంత."

వాషర్ అరచెయ్యంత తిప్పాడు.

టప్‌మని శబ్దం వచ్చింది. స్టీరింగ్ చేతుల్లో బొంగరంలా తేలికైపోయింది. ఎడమ చక్రం బయటికి తిరిగి కారును లోయ వైపు ఈడ్చింది. వాషర్ రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు లాగి, ఫుట్ బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశాడు. టైర్లు కీచుమన్నాయి. బంపర్ పిట్టగోడకు గుద్దుకుంది. పైరాయి ఒకటి కదిలి అవతలికి దొర్లింది.

కారు ఆగింది. రాయి కింద పడ్డ చప్పుడు చాలాసేపటికి గానీ వినబడలేదు.

వాషర్ మావగారి భుజం తడిమాడు. "దెబ్బ తగిలిందా మావయ్యా?"

"లేదు." ఆయన ఊపిరి బరువుగా తీస్తున్నాడు. "నీకు?"

అద్దంలో తెల్లకారు మలుపు తిరిగి కనబడింది. వేగం తగ్గిస్తోంది. వాషర్‌కు శిథిలాల్లో మాయమైన ముక్కలు గుర్తొచ్చాయి.

"మావయ్యా, చచ్చిపోయినట్టు పడుకోండి."

"ఎంతసేపు?"

"ఎంతోసేపు కాదు."

"పదకొండింటికి కోర్టులో ఉండాలి, గుర్తుంచుకో," అని ముసలాయన తల పక్కకు వాల్చి కళ్లు మూసుకున్నాడు. వాషర్ స్టీరింగ్ మీద బోర్లా వాలాడు.

తెల్లకారు ఆగింది. మాస్కు, నల్లకళ్లద్దాలు, చేతిలో సంచి. దిగిన మనిషి లోపలున్నవాళ్లను ఒక్క చూపు చూసి, ఎడమ చక్రం దగ్గర మోకాళ్లమీద కూర్చుంది. స్పానర్ ఇనుముకు తగిలిన చప్పుడు, అలవాటైన చేతుల చప్పుడు. వాషర్ కుడి తలుపు మెల్లగా తీసుకుని దిగాడు. ఊడదీసిన ముక్కను సంచిలో వేసుకుంటున్న ఆ మణికట్టు మీద వాషర్ సంకెల పడింది. వేళ్ల చివర వెండి రంగు గోళ్లు.

"అన్నం సహిస్తోందా?" అన్నాడు వాషర్.

క్రోమ్ మాస్కు తీసింది. భయపడలేదు. అందమైన ముఖంలో విసుగు మాత్రమే ఉంది. "మీవాళ్లని నమ్మించడం ఎంత తేలికో తెలుసా వాషర్ గారూ? గట్టిగా చెబితే అనుమానిస్తారు. గుసగుసగా చెబితే చాలు." ఆమె లోయవైపు చూసింది. "నన్ను పట్టుకుంటే ఏమవుతుంది? ఆఫర్లు పంపేది నేను కాదు. ఈ పూట ఇంకెంతమందికి వెళ్లాయో."

ఆ మాట నిజమని ముగ్గురికీ తెలుసు.

ముసలాయన ఈలోపు కారు దిగి, సంచిలోంచి ఆ ముక్క తీసి, దాని మెడకున్న నల్ల రబ్బరు తొడుగును గోటితో పైకి చుట్టాడు. కింద గ్రీజు తుడిచాడు. కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"నాదే," అన్నాడు మెల్లగా. "నేను కాదని పక్కన పడేసిందే. మా కాంట్రాక్టరు మీద నమ్మకం లేక రిజెక్టు గుర్తు రెండుచోట్ల కొట్టేవాణ్ణి. పైన అందరికీ కనబడేలా ఒకటి, రబ్బరు కింద చుక్కంత పంచ్ ఇంకోటి. పైది అరగదీశారు. లోపలిది ఉందని వాళ్లకి తెలియదు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు, ఈసారి గుడ్డ అక్కర్లేకుండా చేత్తోనే. "ముగ్గురు పోయారు. నేను పక్కన పడేసిన ఇనుముతో పోయారు."

టైము పదీ నలభై. క్రోమ్ కారు తప్ప వేరే బండి లేదు. వాషర్ ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. ముసలాయన మాత్రం ఎక్కలేదు. కోర్టు బట్టలతోనే రోడ్డు మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. రెండు నిమిషాల తర్వాత దుమ్ము దులుపుకుంటూ లేచాడు.

"ఎక్కవచ్చు," అన్నాడు. "తన కారుకి మాత్రం అన్నీ ఒరిజినలే వేయించుకుంది."

*

కోర్టు గడియారం పదకొండు కొట్టడానికి నిమిషం ముందు సాక్షి బోనెక్కాడు. తనను చంపాల్సిన ముక్కనే న్యాయమూర్తి ముందు బల్లమీద పెట్టి, రబ్బరు తొడుగు చుట్టి, చుక్క చూపించాడు. తర్వాత పోలీసులు గోదాముల్లోంచి తెచ్చిన నలభై పెట్టెల్లోంచి ఏ పెట్టె అయినా మీరే తియ్యండన్నాడు. న్యాయమూర్తి తీసిన ప్రతి పెట్టెలోనూ ఆ చుక్క ఉంది. ఒంటిగంటకల్లా రేవుల మూసివేత ఉత్తర్వులు వెళ్లిపోయాయి. గిడ్డంగి దుకాణం ఆన్‌లైన్‌లో ఆరిపోయింది. రేపు ఇంకో పేరుతో వెలగదని ఎవరూ అనలేదు.

వరండాలో పెద్దాయన, అంటే ఈసారి చీఫ్, స్వయంగా ఎదురొచ్చి చేతులు జోడించాడు. వాషర్ పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. వేషం ఎటూ ఊడింది.

"మీ అల్లుడు మా డిపార్ట్‌మెంట్‌లో మంచి ఏజెంట్ అండీ," అన్నాడు చీఫ్. "ఇన్నాళ్లూ చెప్పలేకపోయాం."

ముసలాయన ఆ మాట విని, అల్లుణ్ణి తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూశాడు. ఆపైన దగ్గరికి వచ్చి, అతని భుజమ్మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండానే చీఫ్ వైపు తిరిగాడు.

"మీరు సరిగ్గా చెక్ చేసి తీసుకోవాల్సిందండీ," అన్నాడు. "నా సంగతంటారా, వాపసు ఇచ్చే గడువు దాటిపోయింది. ఉంచేసుకుంటాను."